ముఖం ఆయనది, గొంతు నాది

వాసుదేవ్‌కి సినిమా పిచ్చి లేదు. అసల్కే లేదు. థియేటర్ల చల్లగాలి తగిలిందంటె ఇంటర్వెల్ కాకముందే గురక షురూ చేసే మనిషి. పిచ్చంత తమ్ముడు అంబరీశ్‌ది. రాయచూరు బజార్ల వాళ్లది తాతలనాటి బట్టల దుకాణం, అన్న గల్లా ముంగట కూసుంటడు, తమ్ముడు పరుపు మీద కూసోని చీరలు పరుస్తడు, పరుచుకుంట మాట్లాడుతడు. ఆ మాట్లాడుడు వినాలె! తెలుగోళ్లొస్తె తెలుగుల, మాన్వి దిక్కు రైతొస్తె కన్నడల, ఖిల్లా గల్లీ బేగమొస్తె దక్కనీల. గొంతేమో నిండుగ, గుండ్రంగ, దుకాణం బయట నిలబడ్డోళ్లకి కూడ పక్కన కూసోని చెప్పినట్టు వినపడుతది. ఒక్క జాకెట్ ముక్క కోసం వచ్చినామె రెండు చీరలు పట్టుకోని పోతది, పోతపోత "మీ తమ్ముని మాటలకే పైసలన్ని అయిపోయినయి" అని వాసుదేవ్ మీద నవ్వుతది.

నాయిన పోయిననాటికి అంబరీశ్ ఇంకా నిక్కర్ల మీదున్నడు. వాసుదేవే పెంచిండు, తర్వాత వాసుదేవ్ భార్య సౌభాగ్య వచ్చి పెంచింది. వాడు అడిగింది కాదన్న రోజు ఆ ఇంట్ల లేదు. అందుకే ఒకనాడు వాడు జయతీర్థని తోలుకొచ్చి "అన్నా, ఈయన మన ఊరోడే, హైదరాబాద్‌ల డైరెక్టర్ల దగ్గర పని నేర్చుకున్నడు, ఒక్క కథ విను, వినుడే, ఫికర్ లేదు" అన్నప్పుడు వాసుదేవ్ విన్నడు. జవళగేర బియ్యం మిల్లుల లారీ నడిపే పిలగాని కథ. అచ్చంగ రాయచూరు తెలుగు. హీరో అంబరీశ్. వినంగ వినంగ తమ్ముని కండ్లల్ల ఆ మెరుపు చూసి, బైపాస్ రోడ్డు మీదున్న ప్లాటు అమ్మేసి, వాసుదేవ్ నిర్మాత అయిపోయిండు.

నిర్మాతంటె కెమెరా పక్కన కుర్చీ ఏసుకోని కూసునుడు అనుకున్నడు పాపం! తీరా చూస్తె జనరేటర్‌ల డీజిల్ అయిపోతె ఆయన్నే పిలుస్తరు, ఇడ్లీల సాంబారు తక్కువైతె ఆయన్నే పిలుస్తరు, హీరోయిన్ వాళ్లమ్మ రూముల దోమలున్నయంటె కూడ ఆయన్నే. జవళగేర మిల్లు ఓనరు, గోదావరి దిక్కు నుంచి కాలువ నీళ్ల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి, పొద్దున్నే వచ్చి నిలబడేటోడు. "ఏవండీ ప్రొడ్యూసర్‌గారూ, మా హమాలీలంతా బస్తాలు కింద పడేసి మీ హీరోయిన్నే చూస్తన్నారండీ, నా లోడు ఎప్పుడెళ్తాదండీ?" వాసుదేవ్ చేతులు జోడించేటోడు. ఆ పరేషాన్ల కూడ ఆయనకేదో ఖుషీ ఉండె. తమ్ముడు లారీ మీదెక్కి నిలబడుతుంటె దూరం నుంచి చూస్తుండె కదా, అందుకు.

మొదటి షెడ్యూల్ అయిపోయినంక జయతీర్థ మిల్లు ఆఫీసు రూముల తలుపేసి లాప్‌టాప్ తెరిచిండు.

"అన్నా, జర కండ్లు మూసుకోని వినుండ్రి."

వాసుదేవ్ మూసుకున్నడు. అంబరీశ్ గొంతు. లారీ అమ్మేయమంటున్న చిన్నాయినతోటి వాడు "నేన్యాడికి పోను చిన్నాయినా, ఈ మన్ను నాది" అంటుండు. వాసుదేవ్‌కి ఒళ్లు జలదరించింది.

"ఇప్పుడు తెరిచి చూడుండ్రి."

తెరిచిండు. అదే సీను. అదే మాట. కాని వాడు కట్టె లెక్క నిలబడ్డడు! చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక ప్యాంటుకి అతికించుకున్నడు, కండ్లు అటు తిప్పి ఇటు తిప్పి ఆఖరికి కెమెరాల్నే చూస్తుండు, ఫోటోకి నిలబడ్డ పెండ్లికొడుకు లెక్క. దుకాణంల అంత మంది ముంగట నవ్వి నవ్వించే మనిషి, ఆ డబ్బా ముంగట చచ్చిపోయిండు. ఇంకో సీను పెట్టిండు జయతీర్థ. ఇంకోటి. అన్నీ గంతే.

"నేర్పియ్యరాదా?" అన్నడు వాసుదేవ్.

"నేర్పిన. దండం పెట్టి నేర్పిన. వస్తలేదన్నా." జయతీర్థ లాప్‌టాప్ మూసిండు. "ఇట్లనే తీస్తె సినిమా పోతది, మీరు పోతరు, నేను పోత. మారుస్తమంటె ఇప్పుడే మార్చాలె. కాని నేను చెప్పలేను. మీరే చెప్పాలె."

ఆ దినం మధ్యాహ్నమే వాసుదేవ్ ఇంటికొచ్చి, తమ్ముని ఎదురుంగ పీట మీద కూసోని, జొన్నరొట్టె తుంచి, తుంచింది నోట్ల పెట్టకుండ చెప్పిండు. ఒక్క మాట దాచలే. సౌభాగ్య పుంటికూర గంటె పట్టుకోని అట్లనే నిలబడిపోయింది.

అంబరీశ్ కంచం పక్కకి జరిపిండు.

"ఎవర్ని పెడ్తున్నరు?"

"నిఖిలేశ్ అని, హైదరాబాద్ పిలగాడు. వెబ్ సిరీస్‌లు చేసిండంట."

"ఆయన పొడుగు కదన్నా. నా డ్రెస్సులు ఆయనకి పట్టవు." అంబరీశ్ నవ్విండు, నవ్వుతె పెదవి ఒక దిక్కు వణికింది. "కొలతలు తెప్పియ్యి. నేనే కుట్టిపిస్త."

కుట్టిపిచ్చిండు కూడ! గుడ్డ తనే చూసి, దర్జీ రంగప్ప పక్కనే కూసోని, తను ఏసుకోవాల్సిన చొక్కాలని ఇంకొకరి కొలతలకి కత్తిరిపిచ్చిండు. షూటింగ్ మొత్తం నిఖిలేశ్ వెంట తిరిగి మాట నేర్పిండు. "యాడికి అను, ఎక్కడికి కాదు బాస్, యాడికి." నిఖిలేశ్ మంచోడే, నేర్చుకుందామని చూసిండు గాని నాలిక తిరగలే. షూటింగ్ అయిపోయి గుమ్మడికాయ కొట్టిన దినం జయతీర్థ వాసుదేవ్ చెవుల అన్నడు, "అన్నా, డబ్బింగ్ అంబితోటి చెప్పిద్దాం. ముఖం నిఖిలేశ్‌ది, గొంతు అంబిది."

హైదరాబాద్‌ల డబ్బింగ్ రూముల చీకట్ల మైకు ముంగట అంబరీశ్‌ని నిలబెట్టిండ్రు. వాసుదేవ్ అద్దం ఇవతల కూసున్నడు. తెర మీద నిఖిలేశ్ పెదవులు కదిలినయి, అంబరీశ్ "నేన్యాడికి పోను చిన్నాయినా" అన్నడు. సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి "ఈయన ఎవరండీ? ఇన్నాళ్లు ఎక్కడున్నాడండీ?" అన్నడు. వాసుదేవ్ చాతీ ఇంత వెడల్పైంది. "నా తమ్ముడు" అన్నడు. అడగకున్నా మళ్లొకసారి అన్నడు, "నా సొంత తమ్ముడు."

ఊరికొచ్చి అంబరీశ్ బజారంత చెప్పిండు. రంగప్పకి చెప్పిండు, చాయ్ హోటలోనికి చెప్పిండు, చీరల కోసం వచ్చిన ప్రతి ఆడమనిషికి చెప్పిండు. "ముఖం ఆయనది, గొంతు నాదమ్మా!"

అంతల్నే నిఖిలేశ్ చేసిన ఒక సిరీస్ పేలింది. ఫోన్లల్ల ఎవర్ని చూసినా వాడే. ఒక పొద్దు జయతీర్థ ఫోన్ చేసిండు, వాసుదేవ్ దుకాణం మెట్ల మీదికొచ్చి ఎత్తిండు.

"అన్నా, నిఖిలేశ్ మేనేజర్ అడ్డం పడ్డడు. ఇప్పుడు జనానికి వాడి గొంతు ఎరుక, వాడి గొంతే ఉండాలంటున్నరు, లేకుంటె ప్రమోషన్‌కి రాడంట. సినిమా కొనేటోళ్లు కూడ గదే మాట. ఈ భాష అన్ని ఊర్లల్ల అర్థం కాదు, మామూలు తెలుగుల మళ్ల చెప్పియ్యమంటున్నరు. నాకు మనసొప్పుతలేదు. కాని కాదంటె సినిమా డబ్బాలనే ఉంటది. ఏమంటరు?"

లోపల అంబరీశ్ ఎవరికో పట్టుచీర అంచు చూపిస్తుండు. "ఇది కట్టుకోని పోతివనుకో అక్కా, పెండ్లికూతురు లేచి పోయి చీర మార్చుకోనొస్తది!" వాళ్లు కిలకిలా నవ్వుతున్నరు.

"సరే" అన్నడు వాసుదేవ్.

ఆ సాయంత్రమే చెప్దామనుకున్నడు. వాడు ఫోన్ల ట్రైలర్ పెట్టుకోని వదినకి చూపిస్తుండె, చెప్పలే. ట్రైలర్‌ల పాటలే ఉన్నయి, మాటలు లేవు, బతికిపోయిండు. తెల్లారి చెప్దామనుకున్నడు, వాడు నుదుట బొట్టు పెట్టుకోని దేవసూగూరు సూగురేశ్వరుని గుడికి మొక్కు చెల్లియ్యడానికి పోతుండె, చెప్పలే. సౌభాగ్య రోజూ అడిగేది.

"చెప్పినవా?"

"రేపు చెప్త."

"మొదటిసారి చెప్పినప్పుడు వాడేమన్నడు? ఏమన్న అన్నడా? చెప్పయ్యా."

"ఒక్కసారి వాని మొఖం చూసిన సౌభాగ్యా, మళ్ల చూడలేను" అనేటోడు వాసుదేవ్. అట్ల అనుకుంట అనుకుంట శుక్రవారం వచ్చేసింది.

శుక్రవారం మార్నింగ్ షో. అంబరీశ్ గల్లీ గల్లీనంత తోలుకొచ్చిండు! రంగప్ప, రంగప్ప పెండ్లాం, చాయ్ హోటలోళ్లు, పూలమ్మే యంకవ్వ, ఇంకా ఎవరెవరో, రెండు వరుసలు నిండినయి. ఇస్త్రీ చొక్కా ఏసుకోని నడుమ కూసున్నడు, పక్కన వాసుదేవ్. లోపలికొచ్చే ముందు, థియేటర్ గేటు కాడనే వాసుదేవ్ చెప్దామనుకున్నడు, చెయ్యి పట్టుకున్నడు కూడ, "తమ్మీ, ఒక మాట" అన్నడు. "ఆగన్నా, టైటిల్స్ పడ్తున్నయి!" అని లోపలికి గుంజుకపోయిండు వాడు.

తెర మీద లారీ వచ్చింది. జవళగేర కాలువ కట్ట. రంగప్ప లేచి వెనకకి తిరిగి అరిచిండు, "ఏయ్, సప్పుడు చేయకుండ్రి, మన అంబి మాట్లాడుతడు!"

నిఖిలేశ్ లారీ దిగిండు. చిన్నాయిన వచ్చి లారీ అమ్మేయమన్నడు.

"నేనెక్కడికీ వెళ్లను బాబాయ్, ఈ నేల నాది."

సన్నటి గొంతు. ఫోన్లల్ల విన్న గొంతు.

రెండు వరుసలోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. వెనక వరుసలోళ్లు మాత్రం ఈల ఏసిండ్రు. యంకవ్వ మెల్లగ అడిగింది, "ఏందిరా అంబీ, ఇది నీ గొంతు గాదు కదా?"

వాసుదేవ్ తమ్ముని దిక్కు చూడలే. చూడాలంటె మెడ తిరుగలే.

అంబరీశ్ అవ్వ దిక్కు తిరిగిండు. తర్వాత అందరికీ వినపడేటట్టు, అదే నిండు గొంతుతోటి అన్నడు, "సెకండ్ హాఫ్‌ల వస్తది అవ్వా! ఫస్ట్ హాఫ్ ఆయనది, సెకండ్ హాఫ్ నాది. గట్ల పంచుకున్నం."

"అట్లనా! అట్ల చెప్పు మరి" అని నమ్మేసి వాళ్లు మళ్ల సినిమాల పడ్డరు. ఇంటర్వెల్‌ల వాడు అందరికీ సమోసాలు తెచ్చిచ్చిండు. అన్నకి కూడ ఇచ్చిండు. లైట్లు ఆరినంక చూస్తె పక్క కుర్చీ ఖాళీ.

రంగప్పవాళ్లు మాత్రం చెవులు రిక్కించి కూసున్నరు, ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది అని.

వాసుదేవ్ బయటికి ఉరికిండు. బండ్ల స్టాండ్ కాడ, ఎండల, స్కూటర్ మీద కూసోని ఉన్నడు అంబరీశ్. తాళం చెవి చేతుల్నే ఉంది.

"తమ్మీ, కొనేటోళ్లు..."

"ముఖం తీసేసిననాడు ఇంటికొచ్చి నా ముంగట కూసోని చెప్తివి." అంబరీశ్ కోపంగ అనలే, ఏదో లెక్క అర్థం కానోని లెక్క అన్నడు. "ఆ దినం ఏడ్సిన గాని, మా అన్న నాకు చెప్పిండు అనుకున్న. ఇప్పుడెందుకు చెప్పకపోతివి?"

"నువ్వు బాధపడ్తవని..."

"ఇప్పుడు పడ్తలేనా?" వాడి గొంతు పగిలింది. "గొంతు పోతె పోయె. నీ సినిమా, నువ్వేం జేసినా సరే. కాని నేను యంకవ్వని బుట్ట పక్కన పెట్టిచ్చి తోలుకొస్తుంటె, నా పక్కనే నడిచొస్తివి కదన్నా. వద్దురా అనలేకపోతివా? ఒక్క మాట!"

వాసుదేవ్ ఇంకో అడుగు దగ్గరికి ఏసిండు. జేబుల ఫోన్ మోగింది, మోగి మోగి ఆగి మళ్ల మోగింది. ఎత్తిండు. జయతీర్థ అరుస్తుండు, అన్ని ఊర్ల నుంచి టాక్ అదిరిపోతుంది, "అన్నా, బతికినం! మీరు నిర్మాతన్నా ఇగ, అసలైన నిర్మాత!" ఆ మాటలు బయటికి కూడ వినపడుతున్నయి. అంబరీశ్ స్కూటర్ చాలు చేసిండు. వాసుదేవ్ ఫోన్ పెట్టేసేసరికి గేటు దాటిండు.

సినిమా ఆడింది. మస్తు ఆడింది. దుకాణానికి పూలదండలొచ్చినయి, పేపరోళ్లొచ్చిండ్రు. అంబరీశ్ ఇల్లు విడిచిపోలే, ఆస్తి పంచుకుందామనలే, రోజూ టైముకి దుకాణానికి వస్తడు, పరుపు మీద కూసుంటడు. మాట్లాడుతడు, అదే గొంతు, అదే నవ్వులు, మూడు భాషలల్ల. వాసుదేవ్‌తోటి మాత్రం లేదు. తిడితెనన్న బాగుండు అనిపిస్తది వాసుదేవ్‌కి. ఒక్క తిట్టు కూడ లేదు.

నిన్న తుర్విహాళ నుంచి బసవలింగప్ప అనే రైతు వచ్చిండు, బిడ్డ సీమంతానికి చీర కావాలని, ఈ దుకాణానికి కొత్త. అంబరీశ్ కన్నడల ఆయన పొలం అడిగిండు, వరి అడిగిండు, అల్లుడు మంచోడేనా అని అడిగి నవ్విచ్చిండు, ఆకుపచ్చ చీర తీసి భుజం మీద ఏసుకోని చూపిచ్చిండు. ఆయన మురిసిపోయి, రొక్కం తీసి, గల్లా దిక్కు చూపించి అడిగిండు, "అవరు యారు రీ? నిమ్మ అణ్ణానా?"

ఆయనెవరు, మీ అన్ననా, అని.

వాసుదేవ్ తలెత్తిండు.

అంబరీశ్ చీర మడత పెడుతుండు. "యజమానరు" అన్నడు. "అవరిగి కొడ్రి."

బసవలింగప్ప వచ్చి యజమాని చేతికి రొక్కం ఇచ్చిండు. వాసుదేవ్ చిల్లర తీసిచ్చి, "తమ్మీ, కవర్ల పెట్టియ్యి" అన్నడు. అంబరీశ్ కవర్ల పెట్టిండు, మెట్లదాక పోయి చేతికిచ్చి, "బిడ్డని తోలుకోని మళ్ల రాండ్రి" అని కన్నడల నిండుగ చెప్పి, లోపలికొచ్చి మిగిలిన చీరలు సర్దుకుంట కూసున్నడు.