ఫోల్కర్ గది కొలత

ఎల్ఫ్రీడ రోజూ పొద్దున ఏడింటికి కాఫీ పెట్టుకుని, రొట్టెకి వెన్న రాసుకుని, ఫోల్కర్ గదిలో కూర్చుని తినేది. ఫోల్కర్ ఆమె భర్త. మార్చిలో పోయాడు. ఆ ఊళ్లో ఎవరు పోయినా వాళ్లింటికి ఒక గది పెరుగుతుంది. ఆయన గది వంటింటి వెనక, తోటవైపు వచ్చింది. పద్నాలుగు చదరపు మీటర్లు, ఒక కిటికీ. అందరిళ్లలోనూ ఉన్నదే కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

కన్నేసిందల్లా పురపాలక సంఘమే. ఈతకొలను పైకప్పు కారుతోంది, బడిలో బాయిలరు మొరాయించింది, ఖజానాలో చిల్లిగవ్వ లేదు. కౌన్సిలువాళ్లు ఒక సాయంత్రం కూర్చుని, చేతులెత్తి, ఇంటిపన్ను రెండింతలు చేసి ఇళ్లకి పోయారు. ఎన్ని చదరపు మీటర్లుంటే అంత పన్ను. అవెన్నో ఇంటివాళ్లే కాగితం మీద రాసివ్వాలి.

ఎల్ఫ్రీడ ఉన్నదున్నట్టు రాసిచ్చింది, కొత్త గదితో సహా.

"నీకేమైనా మతిపోయిందా?" అంది పక్కింటి గుడ్రున్. "మా అత్తగారి గదీ మామగారి గదీ ఇప్పటిదాకా నేను నోరు విప్పి చెప్పలేదు."

"అడిగారు కదా. ఉన్న గదిని లేదని ఎలా రాయనే?"

"వాళ్లు ఆ కాగితాలు అచ్చేయించేది నీలాంటివాళ్లని చూసుకునే."

నెల తిరక్కుండా తాఖీదు వచ్చింది. వచ్చే పింఛనులో పన్ను, గ్యాసు పోతే తిండికి మిగిలేది అంతంతమాత్రం. ఇల్లు అమ్ముకోవడం తప్ప దారి లేదు. అమ్మితే గదీ పోతుంది. కొనుక్కునేవాళ్లకి ఫోల్కర్ ఏమవుతాడు?

ఆమె పన్నుల ఆఫీసుకి వెళ్లింది. గుమాస్తా హాసె కాగితాల్లోంచి తలెత్తకుండానే విన్నాడు.

"గది తగ్గితే జనవరిలో మళ్లీ కొలుస్తామండీ."

"తనంతట తను ఎలా తగ్గుతుంది?"

"మీరు వెళ్లడం తగ్గించుకోవాలి. మా అమ్మ గది నేనలాగే తగ్గించుకున్నాను."

"పూర్తిగా మానేస్తే?"

"మాయమైపోతుంది. కప్పు ఎత్తు మీటరులోపు ఉంటే లెక్కలోకి రాదండీ. అక్కడికి ఆపుకోండి."

ఆ రోజు నుంచి ఆమె కాఫీ వంటింట్లోనే తాగింది. గదికి వారానికి రెండుసార్లు, తర్వాత ఆదివారాలు మాత్రమే, తర్వాత ఆదివారం పది నిమిషాలు. గోడలు దగ్గరికొచ్చాయి, కప్పు కిందికి దిగింది. అక్టోబరులో ఒకరోజు ఉండబట్టలేక మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుని ఏడ్చింది. తెల్లారేసరికి కప్పు ఐదు సెంటీమీటర్లు పైకి లేచింది. దాన్ని దించడానికి మూడు వారాలు ఆ తలుపు వైపు చూడలేదు. మొగుడి కోసం ఏడవడానికి కూడా కొలత చూసుకోవాల్సి రావడం కన్నా అన్యాయం ఇంకేముంటుంది?

జనవరిలో హాసె వచ్చి, మోకాళ్ల మీద వంగి టేపు పట్టాడు.

"తొంభై ఆరు. లెక్కలోకి రాదు. ఇల్లు నిలబెట్టుకున్నారండీ."

"ఇక ఎవరూ కొలవరుగా?"

"ఏటా కొలుస్తాం. జాగ్రత్త, నాలుగు సెంటీమీటర్లే తేడా."

అతన్ని సాగనంపి ఆమె వెనక్కి వచ్చింది. వంగి, పాక్కుంటూ లోపలికి వెళ్లి వెల్లకిలా పడుకుంది. పక్కన ఇంకొకరికి మాత్రమే చోటుంది. ఏడుపు గొంతుదాకా వచ్చింది. ఏడిస్తే కప్పు ఎంత లేస్తుందో ఆమెకిప్పుడు బాగా తెలుసు. ఏడుపు దిగమింగుకుని బయటికి పాకింది.