రిత్తి చెవి పోగు

మా తోటికోడలు హిలారియా అంటే నాకు అసూయ. దాచేదేముంది? ఆమె బంగాళాదుంప పులుసు నా పులుసు కన్నా బాగుంటుందని మా ఆయన లియాంద్రో ఒకసారి అన్నాడు. పదకొండేళ్ళయినా ఆ మాట నాకు అరగలేదు. అయితే అసలు కడుపుమంట పులుసు గురించి కాదు, రిత్తి గురించి.

రిత్తి అంటే మా భాషలో మంచు. అది మేం ఉన్ని కోసం పెంచే అల్పాకాల్లో ఒక పోతు. ఒళ్ళంతా తెలుపే, ఎడమ చెవి కొనన మాత్రం బొటనవేలంత నల్లమచ్చ. మంద పంచేటప్పుడు అత్త దాన్ని చిన్నకోడలికిచ్చింది. పెద్దదాన్నైన నాకు దక్కినవి మచ్చలున్న ఆడవి ఏడు. మకుసాని సంతలో మచ్చల ఉన్నిని అడిగే నాథుడుండడు. తెల్ల పోతును కట్టిస్తే కనీసం పిల్లలైనా తెల్లగా పుడతాయి. అడిగితే హిలారియా ఇచ్చేదే. ఇచ్చి, చల్లగా ఓ నవ్వు నవ్వేది. ఆ నవ్వు చూడలేకే ఏ ఏడూ అడగలేదు.

ఆ ఏడాది వానల్లో, సరిగ్గా జత కట్టించే రోజుల్లో, హిలారియా తల్లికి జబ్బు చేసింది. మా కొండల్లో ఒకరి మందను ఇంకొకరు చూడటం మామూలే. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. మొగుడు ఫెర్మిన్‌తో బయల్దేరుతూ ఆమె మా గుమ్మంలో ఆగింది.

"అక్కా, రిత్తిని నీ చేతుల్లో పెడుతున్నా. రోజూ పొద్దున పూట మా ఆడవి రెండింటితో కట్టించు, అంతే. తర్వాత దాన్ని మేయనియ్యి. మూడు వారాల్లో వచ్చేస్తాం."

అలాగేనన్నాను. మర్నాడు పొద్దున్నే రిత్తి ముందుకు తోలింది నా ఆడవాటిని. దాని పొద్దుటి బలమంతా నావాటికే. హిలారియావి పన్నెండింటినీ మధ్యాహ్నాలు తోలాను, అది డస్సిపోయాక. నమ్మకం చాలక నావాటికి రెండేసిసార్లు కట్టించాను. పాపమనిపించలేదా అంటే అనిపించింది. అయినా ఆపలేదు.

కట్టించిన రెండు వారాలకు పోతును మళ్ళీ ఎదురుగా తెచ్చి చూస్తాం. ఆడది దాని మీద ఉమ్మి పారిపోతే చూడి కట్టినట్టు, మోకాళ్ళు మడిచి కూర్చుంటే కట్టనట్టు. నావి ఏడూ రిత్తి మొహాన ఉమ్మాయి. ఆ ఉమ్ము చూసి నాకు పండగైంది. నాలుగు రోజులకు హిలారియా తిరిగొచ్చి తనవాటిని తోలుకొచ్చింది. పన్నెండూ ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. రిత్తి వాటి వంక చూడనైనా చూడలేదు, పక్కకు తిరిగి పడుకుని నెమరు వేసుకుంది.

ఎనిమిదేళ్ళొచ్చాయి, దీని పనైపోయిందన్నాడు ఫెర్మిన్. చలికాలం రాగానే కోసేద్దామన్నాడు. హిలారియా నా వంక చూసింది.

దాని పనైపోలేదని, విశ్రాంతిస్తే కోలుకుంటుందని నాకు తెలుసు. ఆ మాటంటే, నీకెలా తెలుసని అడుగుతారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని నోరు మూసుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నాకు లేని రిత్తి ఆమెకూ ఉండకూడదనిపించింది.

జూన్ వచ్చింది, మా కొండల్లో అదే చలికాలం, కోశారు. మందను కాచినందుకని హిలారియా తొడ మాంసం ముందుగా మా ఇంటికే తెచ్చింది. లియాంద్రో లొట్టలేసుకుంటూ తిన్నాడు. తినకపోతే ఎందుకని అడుగుతాడని నేనూ తిన్నాను.

మళ్ళీ వానలకు నా ఆడవి ఈనాయి. ఏడింటిలో నాలుగు తెల్లవి. ఏ కొండ పోతో మందలో పడి ఉంటుందని అందరితో చెప్పాను, నమ్మారు. కానీ ఆ నాలుగింటిలో ఒకదానికి ఎడమ చెవి కొనన బొటనవేలంత నల్లమచ్చ.

కొత్త పిల్లల చెవులకు రంగు ఉన్ని పోగులు కుట్టే పండగ వచ్చింది. ఏటా తోటికోడళ్ళం కలిసే కుడతాం, పట్టుకోవడం నేను, కుట్టడం ఆమె. ఆ పిల్లను చివరికి మిగిల్చి, మచ్చ కనపడకుండా చెవి మీద అరచెయ్యి వేసి పట్టుకున్నాను. హిలారియా సూదితో దగ్గరికొచ్చింది.

"చెయ్యి తియ్యక్కా."

తీశాను. చూసింది. మచ్చను వేలితో తడిమింది. తర్వాత నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, వెలిసిపోయిన ఎర్ర పోగు ఒకటి తీసింది. కోసిన రోజు రిత్తి చెవి నుంచి తీసి దాచుకున్నదది.

"ఇది దీని నాన్నది," అంది మెల్లగా. "ఒక్క మాట చెబితే బతికుండేది కదక్కా."

పిల్లకు నొప్పి తెలియకుండా ఆ పోగును కుట్టింది. లేచి వెళ్ళి, అందరితో పాటు మొక్కజొన్న కల్లు తాగి, ఆటపాటల్లో కలిసింది. ఇవాళ్టి దాకా ఎవరితోనూ చెప్పలేదు, మొగుడితో కూడా. నేనైతే ఊరంతా వినేలా దుమ్మెత్తిపోసేదాన్ని. ఆ గుణం కూడా దేవుడు హిలారియాకే ఇచ్చాడు. అందుకూ నాకు అసూయే.