పెట్టెల వరుస

ఏసన్న మోకాళ్ల మీద కూర్చుని ఇనుప పెట్టెలను ప్లైవుడ్ పలక మీద మళ్లీ అతికిస్తున్నాడు. ఒక్కోటి సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది. పైన తిప్పే మరలు, కింద కాలితో నొక్కే మీట. బేస్ గిటార్ శబ్దం ఈ పెట్టెల కడుపుల్లో దూరి, ఒక్కోచోట ఒక్కో వేషం వేసుకుని, చివరికి స్పీకర్లోకి పోతుంది. ఆర్కెస్ట్రా వాళ్లు వాటిని పెడళ్లు అంటారు. భార్య రాణి మాత్రం ఇనుప టిఫిన్లు అంటుంది.

గిటార్ వైరు వచ్చి చేరే చోట శ్రుతి చూసే పెట్టె. దాని పక్కన కంప్రెసర్. ఆదోని పత్తి మిల్లులో ఏసన్న పనిచేసే యంత్రం ఒకసారి ఆయన కుడిచేతి మధ్యవేలి కొన తీసుకుపోయింది. ఆ తర్వాత ఒక వేలి మోత గట్టిగా, ఇంకో వేలి మోత పేలవంగా వచ్చేది. మిల్లులో ప్రెస్సు పత్తిని నొక్కి అన్ని బేళ్లనూ ఒకే మట్టానికి తెచ్చినట్టు, ఈ పెట్టె శబ్దాలన్నిటినీ ఒక మట్టానికి తెస్తుంది. అది వచ్చాక ఏసన్న వేలు తెగిన సంగతి చూసేవాళ్లకే తప్ప వినేవాళ్లకు తెలియకుండా పోయింది.

మూడోది ఆక్టేవ్. వాయించిన స్వరానికి అడుగున ఇంకో లోతు స్వరాన్ని చేరుస్తుంది. నాలుగోది ఎర్రది, శబ్దాన్ని గరగరలాడించేది. చివరిది నీలం రంగు కోరస్, రాణి ఒకసారి "ఇది బాగుంది, నీళ్లలో ఆడినట్టుంది" అన్నందుకు తీసుకున్నది. ఈ వరుస మారకూడదు. ముఖ్యంగా ఎర్రది ఆక్టేవ్‌కు ముందు రాకూడదు. ఆక్టేవ్‌కు శుభ్రమైన స్వరం అందాలి. గరగర ముందే కలిస్తే అది ఏ స్వరమో దానికి అంతుపట్టక, తిన్నది అరగని మనిషిలా త్రేన్పులు మొదలుపెడుతుంది.

అట్లా రెండుసార్లయింది. మొదటిసారి సి.బెళగల్‌లో పెళ్లి. తానే కంగారులో తప్పు పెట్టానేమో అనుకుని తనను తాను తిట్టుకున్నాడు. తర్వాత కృష్ణగిరిలో. టీ తాగి వచ్చేసరికి పాట మొదలైపోయింది, చీకట్లో గిటార్ తగిలించుకుని మీట తొక్కాడు. స్పీకర్లోంచి వచ్చిన కూతకు బంతిలో కూర్చున్నవాళ్లు ఆకుల మీంచి తలలెత్తి చూశారు. పాట అయ్యాక ఒంగి చూస్తే ఎర్ర పెట్టె అన్నిటికంటే ముందు కూర్చుని ఉంది. ఈసారి మాత్రం తాను పెట్టలేదని ఏసన్నకు బాగా తెలుసు.

ఆ రోజే అరుణ చెప్పేసింది. పాడేదీ ఆమే, ట్రూపు నడిపేదీ ఆమే. "ఏసన్నా, ఇంగొకసారి ఇట్ల మొరిగిందంటే బేస్ మాధవ్ కీబోర్డు మీద ఎడమ చేత్తోనే కానిస్తాడు. నన్నేమీ అనుకోవద్దు."

అందుకే ఏసన్నకు మాధవ్ మీద అనుమానం. కీబోర్డు వాయించే కుర్రాడు, మంత్రాలయం వైపు ఎవరో బడిపంతులు కొడుకు, ట్రూపులో చేరి ఏడాది కాలేదు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. నవ్వేవాళ్ల మీద ఏసన్నకు ముందునుంచీ నమ్మకం లేదు. ఆ మాటకొస్తే నవ్వనివాళ్ల మీదా లేదు. పాలు పోసే తిప్పమ్మ చెంబు వంచే తీరులో, బస్సు కండక్టరు టికెట్టు చింపే తీరులో, ఆఖరికి ప్రార్థనలో పాస్టరుగారు మూసుకున్న రెప్పల్లో కూడా ఆయనకు ఏదో ఒకటి కనబడుతుంది.

"ఆ ఎర్రదే గదా నీ పానం తీస్తాండేది. దాన్ని ఇంట్లో పెట్టి పో," అంది రాణి, రొట్టెలు చుట్టిన గుడ్డ పక్కన పెడుతూ.

"పెట్టి పోతే దొంగ యాడ దొరుకుతాడే?"

రాణి రొట్టెల మూట ఆయన చేతికిచ్చింది. పెళ్లయిన కొత్తలో అయితే వాదించేది.

మధ్యాహ్నం దాకా మిల్లులో పని. సామాను పెట్టుకున్న తన గూటికి వేసిన తాళం ఎవరో కదిపినట్టు అనిపించి రెండుసార్లు వెళ్లి చూసుకున్నాడు. తాళం దాని మానాన అది ఉంది. పూట పని ముగించి, జుట్టులోని పత్తి దులుపుకుని, గిటారూ పలకా మోసుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి ట్రూపు వ్యాను హారన్ కొడుతోంది.

లోపల ఆంజనేయులు తన పక్కన చోటు ఆపి ఉంచాడు. ఢోలక్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏసన్న కంటే పదేళ్లు పెద్ద, ఊరు దేవనకొండ. ఏసన్న చర్చిలో గిటార్ గీకుతున్న రోజుల్లో ఆయనే విని ఆర్కెస్ట్రాకు లాక్కొచ్చాడు. "నా ఎడమ చెయ్యి సూడు. అది పడినప్పుడు నీ తీగ పడాల. అంతేప్పా, ఇంగేమీ లేదు," అన్నాడు అప్పుడు. నిజంగానే ఇంకేమీ లేదు. అప్పటినుంచి ఎన్ని పెళ్లిళ్లో, ఎన్ని జాతర్లో, ఆ ఎడమ చెయ్యి చూస్తూనే ఏసన్న నెట్టుకొచ్చాడు. పాడేవాళ్లు మారారు, పాటలు మారాయి. ఆ చెయ్యి ఒక్కటే మారలేదు.

"ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు ఆంజనేయులు.

"ఈ పొద్దు ఒగన్ని పట్టుకోవాల."

"ఎవర్ని?"

ముందు సీట్లో మాధవ్ చెవుల్లో పాటలు పెట్టుకుని తలాడిస్తున్నాడు. ఏసన్న గొంతు తగ్గించాడు. "పట్టుకున్యాక సెప్తాలే."

పెట్టెల వరుస మారుతోందన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అరుణకు కూడా "వైరు లూజు" అని చెప్పి ఊరుకున్నాడు. బయటపెడితే దొంగ జాగ్రత్తపడతాడు కదా.

"నీకు అందురూ దొంగల్లాగానే కనపడ్తారు," అని నవ్వాడు ఆంజనేయులు.

"నీవు తప్ప," అన్నాడు ఏసన్న. మామూలుగానే అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఎండకు నెర్రెలిచ్చిన నల్లరేగళ్లు ఎమ్మిగనూరు దాకా వాళ్లతోపాటే వచ్చాయి.

ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ సాయంత్రానికి. పెళ్లివారు ఇంకా రాలేదు. కుర్చీలు వేసేవాళ్లు, పూలు కట్టేవాళ్లు తప్ప హాలంతా ఖాళీ. వాద్యాల వాళ్లకు పక్కగా చిన్న వేదిక కట్టారు. ఏసన్న పలక పరిచి, పెట్టెలను ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నాడు. ఎర్రది నాలుగోది. మరోసారి చూశాడు. నాలుగోదే. తర్వాత అందరికీ వినబడేలా "నేను టీ తాగి వస్తా" అని మెట్లు దిగి, హాలు బయటికి వెళ్లి, పక్క తలుపులోంచి తిరిగొచ్చి, వేదిక పక్కన వేలాడే పూలతెర చాటున నిలబడ్డాడు. బంతిపూల వాసనకు తుమ్ము వస్తే ముక్కు నలుపుకుని ఆపుకున్నాడు.

మాధవ్ కీబోర్డు తగిలించి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ బయటికి పోయాడు. కావాలనే పోయాడేమో, తిరిగొస్తాడేమో అని ఏసన్న ఆ తలుపు వైపే చూస్తున్నాడు. అందుకే వేదిక మీదికి వేరే మనిషి ఎక్కడం ఆయన చూడలేదు. కీళ్లు పట్టేసినవాళ్లు ఒంగేటప్పుడు చేసే చిన్న మూలుగు వినబడి ఇటు తిరిగాడు.

ఆంజనేయులు పలక ముందు కూర్చుని ఉన్నాడు. ఒక్కో పెట్టెనూ ఊడదీసి, భుజం మీది టవలుతో తుడుస్తున్నాడు. ఎర్రదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏసన్నకు ఆయన వీపే కనబడుతోంది, చేతులు ఏం చేస్తున్నాయో కనబడటం లేదు. తల మాత్రం కాస్త ముందుకు ఒంగింది. తర్వాత ఆ ఎర్ర పెట్టెను తీసుకెళ్లి గిటార్ వైరు పక్కన, అన్నిటికంటే ముందు పెట్టి, పొట్టి వైర్లు ఒకదాన్నుంచి ఒకదానికి గుచ్చసాగాడు.

మాధవ్ అయి ఉంటే ఏసన్నకు కోపం వచ్చేది, గట్టిగా అరిచేవాడు. ఇప్పుడు మాత్రం చప్పుడు చేయకుండా తెర తప్పించుకుని వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏం సేస్తాండావన్నా?"

ఆంజనేయులు ఉలిక్కిపడి, మళ్లీ తేరుకుని నవ్వాడు. "ఏం లేదప్పా, తుడుస్తాండా."

"ఎర్రది ముందర ఏంటికి పెట్టినావు?"

"ఎరుపు గదా. కుంకం మాదిరి. దేనికైనా ముందర కుంకం ఉండాల గదా అని..." ఆంజనేయులు ఇబ్బందిగా టవలు సర్దుకున్నాడు. "బెళగల్ పెళ్లిలో పోతా పోతా దాని మీద కాలేసినా. నీవేమో దినామూ తొక్కుతావు. ఎంతైనా వాయిద్యమే గదా. మద్దెలకు కాలు తగిలితే కండ్లకద్దుకునేటోళ్లం మనం. నీకు ఆ పట్టింపు లేదు. నీకు పాపం తగలగూడదని నేనే తీసి, కండ్లకద్దుకొని పెడ్తాండా. అంతే."

"అది ముందర ఉంటే పాట సెడిపోతాదని తెల్దా?"

"నాకెట్ల తెలుస్తాది? ఏది ముందరుంటే ఏముందిలే అనుకొంటి. ఆ కూత ఆ పెట్టెల గుణమేమో అనుకొంటి. నీవు సెప్పితివా?"

చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి ఏసన్నకు ఆ క్షణాన కొరడా దెబ్బలా తగిలింది. కానీ ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? పాపం తగలకూడదనట! చర్చికి పోయేవాడికోసం ఈయన మొక్కడమేమిటి? ఇంత చక్కగా అల్లిన కథ అబద్ధం కాకుండా ఉంటుందా? ఆయన కళ్లకు ఆంజనేయులు వెనక మాధవ్, మాధవ్ వెనక అరుణ, అందరూ చేతులు కలిపి నిలబడినట్టు కనబడింది.

"మాధవ్ సెప్పి పంపినాడా?"

ఆంజనేయులు నవ్వు ఆగిపోయింది.

"నన్ను తీసేయాలని అందురూ ఒగటైనారు. సరే. నీవు గూడానా? వాని పక్కకు ఎప్పుడు సేరితివి?"

ఆంజనేయులు చేతిలో మిగిలిన పొట్టి వైరును పలక మీద జాగ్రత్తగా పెట్టి లేచాడు.

"నీ పెట్టెలు నీవు సరి సేసుకోప్పా," అన్నాడు.

మెట్ల వైపు ఏసన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆంజనేయులు ఇటు రాలేదు. ఢోలక్ భుజానికి తగిలించుకుని, వేదిక వెనక వైపు చెయ్యి ఆనించి మెల్లగా కిందికి జారి, వంటవాళ్ల మధ్యనుంచి పెరటి తలుపు దాటాడు. కోపం చల్లారాక వస్తాడులే అనుకున్నాడు ఏసన్న. కూర్చుని ఎర్ర పెట్టెను నాలుగో చోటికి మార్చాడు.

దీపాలు వేసే వేళకు అరుణ పట్టుచీర సర్దుకుంటూ వచ్చింది. "ఆంజనేయులన్న పోయినాడు. బస్టాండు కాడ్నించి ఫోన్ చేసినాడు, దేవనకొండ బస్సెక్కినాడంట. ఒంట్లో బాగాలేదు, ఇంగ రాను, వేరేవాళ్లను సూసుకో అన్నాడు. ఏమైంది? నీకేమన్నా సెప్పినాడా?"

"నాకేం తెల్సు," అన్నాడు ఏసన్న.

మాధవ్ నవ్వుతూనే అన్నాడు: "పర్లేదక్కా, ఢోలక్ మోత నా కరెంటు ప్యాడులో ఉంది. నేనే వేసేస్తా."

ఏసన్న వాడి మొహం వంక అదే పనిగా చూశాడు. "ఈ పెట్టెలు నీవెప్పుడన్నా ముట్టుకున్యావా?"

"అమ్మో, నాకెందుకన్నా! వాటిలో ఏది ఏం చేస్తుందో కూడా నాకు తెలీదు." వాడి కళ్లలో దొంగతనం ఎక్కడుందా అని ఏసన్న ఎంత వెతికినా దొరకలేదు. దొరక్కపోవడం కూడా అనుమానంగానే ఉంది.

పాటలు మొదలయ్యాయి. బేస్ ఎప్పుడూ రానంత చక్కగా వచ్చింది. ఎర్ర పెట్టె తొక్కినప్పుడు గరగర, వదిలినప్పుడు నున్నటి లోతు, ఒక్క త్రేన్పు లేదు. పెళ్లికొడుకు స్నేహితులు ఎగిరి గంతులేశారు. ప్యాడులోని ఢోలక్ తప్పు లేకుండా, అలుపు లేకుండా మోగింది. ఏసన్న అలవాటు కొద్దీ కుడివైపు చూశాడు. చూడటానికి అక్కడ చెయ్యి లేదు. ఆ తర్వాత రెండుమూడుసార్లు కూడా చూశాడు.

"ఇట్లుండాల!" అంది అరుణ, చివరి పాట అయ్యాక నీళ్లు తాగుతూ. "ఇంగ నీకేం భయం లేదు ఏసన్నా. నీవు ఉండు."

ఏసన్న తలూపాడు. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే ఎదురుచూశాడు. వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. పెట్టెలు ఊడదీసి సంచిలో సర్దుకుని, వైరు చుట్టుకుంటూ మెట్ల దాకా వచ్చాడు. చివరి మెట్టు పక్కన జారిపడ్డ పూలతెర కాలికి అడ్డం వస్తే పక్కకు లాగాడు.

దాని కింద ఆంజనేయులు చెప్పులున్నాయి.

ఏసన్న వైరు చుట్టడం ఆపేశాడు. వేదిక మీదికి ట్రూపులో అందరూ కాళ్లకున్నవాటితోనే ఎక్కుతారు, తానూ బూట్లతోనే ఎక్కాడు. పాట చెడగొట్టడానికి వచ్చినవాడు చెప్పులు విప్పి వస్తాడా? పెద్దాయన మండే తారు రోడ్డు మీద బస్టాండు దాకా ఉత్త కాళ్లతో పోయాడు. ఏసన్న ఇంకో అనుమానం కోసం వెతుక్కున్నాడు, ఏదో ఒకటి, పట్టుకోవడానికి. ఏదీ రాలేదు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

పాత తోలు చెప్పులు, ఎడమదాని బొటనవేలి పట్టీకి రాగితీగ చుట్టి ఉంది. గుడి బయట విడిచినట్టు రెండూ ఒకదాని పక్కన ఒకటి, మెట్టుకు ఆనించి ఉన్నాయి.