సొరపాలెం ఇసుకలో దిగిన బల్ల

నేను ఒక సర్ఫింగ్ బోర్డుని. సొరపాలెంలో అందరూ బల్ల అనే అంటారు, నాకూ అదే అలవాటైపోయింది. ఒళ్లంతా అతుకులు, ముక్కు రెండుసార్లు విరిగింది. ఓపిక అయిపోయింది. చెప్పాల్సింది ఒకటుంది, అది చెప్పేసి ఊరుకుంటాను.

చెన్నై దగ్గర ఓ రేకుల షెడ్డులో నన్ను నురుగుదిమ్మ నుంచి కోసి, గాజుబట్ట చుట్టి, జిగురు పోసి, గీకి గీకి నున్నగా చేశారు. మొదట కొన్నది బెంగుళూరు కంప్యూటరు ఉద్యోగి. ఆయన నా మీద నిలబడింది మూడుసార్లు, నన్ను పక్కన పెట్టుకుని ఫొటోలు దిగింది మాత్రం రోజంతా. నాలుగోసారి నేను తగిలి ఆయన గడ్డం పగిలింది. తప్పు అలదీ కాదు, ఆయనదీ కాదు, నాదేనట. నన్ను సొరపాలెం ఒడ్డున ఎల్లాజీకి ఇచ్చేసి పోయాడు.

ఎల్లాజీ చేపల వేట మానేసి, నాలాంటి బల్లలతో పర్యాటకులకు అలలెక్కడం నేర్పేవాడు. ఆ తీరం అటవీశాఖ రక్షణలో ఉంది. చలికాలంలో తాబేళ్లు ఒడ్డెక్కి, ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. ఎల్లాజీ వదిన పోలమ్మ రోజూ తెల్లారగానే తీరమంతా నడిచి, ఇసుక మీది జాడను బట్టి గూడు కనిపెట్టి, గుడ్లను దడి కట్టిన సంరక్షణ కేంద్రానికి చేరుస్తుంది. ఆమె దాటి వెళ్లేదాకా ఇసుక ముట్టుకోకూడదనే షరతు మీదే ఎల్లాజీకి అనుమతి ఇచ్చారు.

ఒక మాఘమాసపు పొద్దున ఇరవై మంది బస్సులో వస్తున్నారని కబురొచ్చింది. వాళ్లకు ఇసుక కూడా దువ్వినట్టుండాలి మరి. ఎల్లాజీ ఆత్రపడి, వదిన రాకముందే కొబ్బరిమట్ట ఈడ్చి ఇసుకంతా చదును చేశాడు. దూరం నుంచే కనపడాలని బల్లల్ని నిలువునా పాతడం మొదలుపెట్టాడు. నా దగ్గరికొచ్చేసరికి ఇసుక గుల్లగా ఉండి నా కింది కొస, అంటే తోక, సులువుగా దిగిపోయింది.

"ఇది బాగా దిగినాది" అని తనలో తనే మురిసిపోయాడు.

కింద ఏదో మెత్తగా నలగడం నాకు తెలిసింది. నోరుంటే అరిచేదాన్ని.

కాస్త ఒరిగానని సరిచేయడానికి పైకి లాగాడు. నా తోక నిండా పసుపు సొన. ఎల్లాజీ చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. తాబేలు జాడ ఎప్పుడో మట్ట కింద చెరిగిపోయింది. రెండు దోసిళ్ల ఇసుక కప్పాడు కూడా. చెబితే అనుమతి పోతుంది, మళ్లీ ఎవరి పడవలోనో కూలికి పోవాలి. చెప్పకపోతే మిగిలిన గుడ్ల మీద ఆ ఇరవై మందీ రోజంతా తొక్కుతారు. పెట్టిన కొద్ది గంటల్లోనే వాటిని కదపాలి, ఆలస్యమైతే కదిపినా లోపలి ప్రాణం నిలవదు. ఆ సంగతి అతనికి నేర్పింది పోలమ్మే.

ఇంతలో ఆమె రానే వచ్చింది. "ఏటి మరిదీ, అలగున్నావు?"

అతను నా తోక చూపించాడు. "జాడ సెరిపీసింది నానే వొదినా. బల్ల దింపీసింది నానే. మిగిల్నవి కిందనున్నాయి."

పోలమ్మ తిట్టలేదు. మోకాళ్ల మీద కూలబడి చేతులతో తవ్వసాగింది. "తరవాత ఏడుద్దువుగాని, తట్ట పట్టు. పైది పైకే ఉండాల, ఒక్కటీ తిరగబడకూడదు."

బస్సు వచ్చింది. దిగినవాళ్లు, తవ్వుతున్న ఇద్దరినీ ఫొటోలు తీశారు.

నిజం చెప్పినందుకు అటవీశాఖ అధికారులు ఎల్లాజీని మెచ్చుకున్నారు, అనుమతి రద్దు చేశారు. రెండూ ఒకే కాగితంలో రాశారు. మిగతా బల్లల్ని ఎవరో కొనుక్కున్నారు. నన్ను పోలమ్మ రెండు ఇటుకల మీద పడేసి, సంరక్షణ కేంద్రంలో బెంచీ చేసింది. చూడ్డానికొచ్చినవాళ్లు నా మీద కూర్చుని బిస్కెట్లు తింటూ ప్రకృతి గురించి మాట్లాడుకుంటారు. విని విని విసుగెత్తింది.

నలభై ఎనిమిదో నాటి తెల్లవారుజామున, కేంద్రంలో ఆ గుడ్లు పూడ్చిన చోట ఇసుక కదిలింది. పోలమ్మ తాబేలు పిల్లల్ని తట్టలోకి ఏరింది. ఎల్లాజీ, చూడ్డానికి బస్సులో వచ్చిన జనంతోపాటు, అడ్డు కట్టిన తాడుకు అవతలే నిలబడ్డాడు. ఆమె తిన్నగా అతని దగ్గరికే వెళ్లింది.

"నువ్వే ఒదులు."

"నానొద్దొదినా. ఈ సేతుల్తోనే కదా..."

"ఆ సేతుల్తోనే ఒదులు."

ఎల్లాజీ నీళ్లంచున మోకరిల్లి తట్ట వంచాడు. మొదటి అల పిల్లల్ని వెనక్కి విసిరేసింది. రెండో అలతో వెళ్లిపోయాయి. జనం చప్పట్లు కొట్టి, ఫొటోలు చూసుకుంటూ బస్సెక్కారు. అతను మాత్రం ఖాళీ తట్టను అలాగే వంచి పట్టుకుని ఉన్నాడు.