పునాదికి పేర్లు తెలియవు

దుప్పటి ఒక అంచు అక్క చేతుల్లో ఉంది, రెండోది చెల్లెలి చేతుల్లో. ఎదురెదురుగా నిలబడి లాగి, విదిలించి, మూలకు మూల కలుపుతూ ఒకరి వైపు ఒకరు నడుస్తున్నారు. దండెం మీంచి తెచ్చిన బట్టలు ఇంకా కుర్చీ నిండా కుప్పగా పడి ఉన్నాయి.

"సరిగ్గా పట్టుకోవే. నీ మూల వేలాడుతోంది," అంది అక్క.

"నాది కాదు, నీదే."

"మేస్త్రీ గారి పనిలో వంకర ఎక్కడైనా ఉంటుందా?" అన్నాడు బావ, గడప మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటూ. "గోడ వంకరగా ఉంటే ఊరిదే తప్పు."

మేస్త్రీ అన్న పేరు బావ పెట్టిందే. కిట్ కట్టినప్పటి నుంచీ మరదల్ని ఆయన వేరే పేరుతో పిలవలేదు. ఆ కిట్ సంగతి కాస్త చెప్పుకోవాలి.

ఇంటి ముందు గదే వాళ్ల ఆఫీసు. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు. అక్క తిరిగి పనులు తెస్తుంది, చెల్లెలు కూర్చుని రాస్తుంది. ఒకరోజు పళ్ల డాక్టరు, ఒకరోజు టైర్ల కొట్టు, ఇంకోరోజు సంగీతం నేర్పే బడి, మరోరోజు పసిపిల్లల్ని చూసుకునే క్రెష్. ప్రతివాళ్లకీ ఓ అప్లికేషన్ కావాలి, తమ గోలలాంటిది లోకంలో ఇంకెవరికీ లేదని ప్రతివాళ్లకీ గట్టి నమ్మకం. చెల్లెలు మాత్రం ఓ పక్కన వింటూ వింటూ ఒక సంగతి పట్టుకుంది. వేషాలు వేరు గానీ వీళ్లందరూ అడిగేది ఒకటే. వచ్చింది ఎవరో చూడాలి, జాబితా చూపాలి, సందేశం పంపాలి, కాగితం అచ్చెయ్యాలి. వాటిని ప్రతిసారీ కొత్తగా రాయడమెందుకని ఒక్కసారే రాసి గట్టిగా కట్టింది. అదే కిట్. కొత్త పని వస్తే దాన్ని పునాదిగా పరిచి, ఆ కొట్టుకో బడికో ప్రత్యేకంగా కావలసింది పైన తగిలించడమే. తగిలించడానికి చోట్లు కూడా ఆమే పెట్టింది. కొక్కేలు అంటుంది వాటిని. కావలసిన చోట కొక్కెం లేకపోతే ఆమెను అడగాలి. పునాదిలో మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకూడదు, ఎందుకంటే అది అందరిదీను. చెల్లెలు దాన్ని బాగుచేసి పంపితే అన్ని అప్లికేషన్లలోకీ ఒకేసారి వెళ్లి, పాతదాన్ని తుడిచేసి ఆ స్థానంలో కూర్చుంటుంది.

ఆ ఇంట్లో మంచం అక్కది, కుర్చీ బావది, కంచం కూడా అక్క కాపురానికి తెచ్చుకున్నదే. చెల్లెలికి తనదంటూ ఉన్నది కిట్ ఒక్కటే.

అక్క ఫోన్ మోగింది. దుప్పటి భుజం మీద వేసుకుని ఎత్తింది. రెండు మాటలు వింది. దుప్పటి జారి కింద పడ్డా చూసుకోలేదు.

"క్రెష్ మేడమ్," అంది ఫోన్ పెట్టేశాక. "పాపని వాళ్ల నాన్న తీసుకుపోయాడట."

"తీసుకుపోతే?" అన్నాడు బావ.

"అతనికి ఇవ్వకూడదండీ. కోర్టు వద్దంది. గేటు దగ్గర ఆయా అతని పేరు మన అప్లికేషన్‌లో కొడితే ఎర్రగా రావాలి. పచ్చగా వచ్చిందట. ఇచ్చి పంపేసింది."

చెల్లెలు అప్పటికే బల్ల దగ్గరికి పరుగెత్తింది. క్రెష్ అప్లికేషన్ తెరిచి కొక్కేలన్నీ వెతికింది. ఏ కొక్కేనికీ అలాంటి అడ్డు తగిలించి లేదు.

"ఆ అడ్డు ఎక్కడ రాశావక్కా?"

అక్క వంగి దుప్పటి తీసి దులపసాగింది.

"అక్కా, నిన్నే."

"పునాదిలోనే రాశాను. క్రెష్‌కి పంపిన దాంట్లో. మేడమ్ ఎదురుగా కూర్చుని ఇప్పుడే కావాలంది. ఆ పేరు వస్తే ఆపెయ్యమని ఒక్క ముక్క ఇరికించాను. ఇన్నాళ్లూ బాగానే ఆపింది కదా!"

"నాతో అనలేదేం?"

"అంటే నీ ఉపన్యాసం వినాలి."

ఆ రోజు పొద్దునే చెల్లెలు కిట్ బాగుచేసి అందరికీ పంపింది. వచ్చింది ఎవరో చూసే భాగమే ఈసారి తిరగరాసింది. వెళ్లిన ప్రతిచోటా అది పాతదాన్ని తుడిచి కూర్చుంది. అక్క ఇరికించిన ముక్క కూడా ఆ తుడుపులోనే పోయింది.

అక్క వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసింది. "భయపడకు. తప్పు నాది. వాళ్లడిగితే నేనే చెప్తాను."

ఆ మాట పట్టుకునే చెల్లెలు ఆ రాత్రి గడిపింది.

పాప మర్నాడు దొరికింది, పొరుగూరి లాడ్జిలో. ఒంటి మీద గీత కూడా పడలేదు గానీ ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఆ సాయంత్రమే క్రెష్ మేడమ్, పాపనెత్తుకుని తల్లీ ఇంటికి వచ్చారు. పాప తల్లి మెడలో మొహం దాచుకుని ఉంది. బావ కుర్చీలు వేశాడు. తల్లి కూర్చోలేదు.

"ఎలా జరిగిందో నాకు చెప్పండి. ఇంకేం అడగను," అంది.

అక్క గొంతు సవరించుకుంది. చెల్లెలు ఆమె నోటి వైపే చూస్తోంది.

"మొన్నటి దాకా అన్నీ సవ్యంగానే ఉన్నాయండీ. మా చెల్లెలు కొత్తది పంపింది. దాంతో పాతదాంట్లో ఉన్న అడ్డు కొట్టుకుపోయింది. దీనికి పనంటే ప్రాణం, కాకపోతే కాస్త తొందర. చిన్నపిల్ల. మీరు పెద్ద మనసు చేసుకోవాలి."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అన్నీ నిజాలే, పేర్చిన తీరులోనే ఉంది అబద్ధమంతా. బావ తల వంచుకున్నాడు.

తల్లి చెల్లెలి వైపు తిరిగింది. "మా పాప పేరు తెలుసా నీకు?"

చెల్లెలికి తెలియదు. తెలియకపోవడమే ఆమె పని. టైర్ల కొట్టులోనైనా పసిపిల్లల దగ్గరైనా ఒకేలా నిలబడాలంటే పునాదిలో ఎవరి పేరూ ఉండకూడదు. పేర్లన్నీ పైన తగిలించుకునేవే. ఆ సంగతే ఆమె ఎంతో గర్వంగా బావకి చెప్పేది, వినకపోయినా కూర్చోబెట్టి మరీ చెప్పేది. ఇప్పుడు ఈ తల్లికి అదెలా చెప్పాలి?

"తెలియదండీ."

"వాళ్ల నాన్న పేరు?"

"తెలియదండీ."

తల్లి అరవలేదు. "ఎవరో ఏమిటో తెలియకుండానే అతనికి తలుపు తీసేశావన్నమాట," అంది.

చెల్లెలు అక్క వైపు చూసింది. అక్క ట్రేలో గ్లాసులు సర్దుతోంది. సర్దిన గ్లాసునే మళ్లీ సర్దింది.

"ఆ అమ్మాయే ఒప్పుకుంటోందిగా. ఇంకేం వినాలి, పదమ్మా," అంది మేడమ్. అక్క వాళ్లతో పాటు గేటు దాకా వెళ్లి, అక్కడ చాలాసేపు మాట్లాడి వచ్చింది.

"ఆ ముక్క నువ్వు రాశావని ఒక్కమాట..." అన్నాడు బావ.

"మీరు ఊరుకోండి." అక్క చెల్లెలి ఎదురుగా కూర్చుంది. "వాళ్లంతా నా మొహం చూసి పనిస్తున్నారే. నా మాట పోతే ఇద్దరం రోడ్డున పడతాం. నువ్వు ఎవరికీ కనిపించే మనిషివి కాదు. నీకేం పోతుంది?"

"నన్ను అడిగి ఉంటే కొక్కెం పెట్టేదాన్ని కదక్కా. క్షణంలో పని."

"ఆఁ, అడగాలి!" అక్క గొంతు ఒక్కసారి లేచింది. "నీకు జడలు వేసి బడికి పంపినదాన్ని. నా ఇంట్లో, నేను తెచ్చిన పనిలో, నేనొక్క అక్షరం మార్చాలంటే వచ్చి నిన్ను అడగాలి. కస్టమరు ముందు లేచి, 'ఉండండి, మా చెల్లెల్ని అడిగొస్తాను' అనాలి. ఎన్నిసార్లు అన్నానో తెలుసా? అదెలా ఉంటుందో నీకు తెలుసా?"

చెల్లెలికి అదీ తెలియదు. ఒకే గదిలో, వీపు వెనక బల్ల దగ్గర ఇంత ఉడుకు ఉడుకుతుంటే ఆమె చెవిన పడలేదు.

"మేడమ్‌కి మాటిచ్చాను," అంది అక్క, కాస్త తగ్గి. "ఇక కిట్ లేదు. ఎవరిది వాళ్లకి విడిగా. రేపట్నుంచి ముక్కలు చెయ్యి. అదెలా చెయ్యాలో నీకేగా తెలుసు."

"ముక్కలు చేస్తే ఒకచోట బాగుచేసింది ఇంకోచోటికి పోదక్కా. అన్నీ చెడిపోతాయి."

"చెడనీ. చెడితే ఒక్కళ్లదే చెడుతుంది. నీ ఒక్క దెబ్బకి అందరివీ పోవు."

మాట అన్యాయంగా లేదు, అన్న మనిషే అన్యాయంగా ఉంది. ఆమె లేచి తన బల్ల దగ్గరికి వెళ్లింది. వచ్చింది ఎవరో చూసే చోట ఒక కొక్కెం పెట్టింది. క్రెష్ జాబితాలో వెతికి ఆ తండ్రి పేరు తీసి, ఆ కొక్కేనికి, క్రెష్‌కి మాత్రమే, తగిలించింది. పాప పేరు కూడా అక్కడే కనిపించింది. రెండక్షరాల పేరు. దాన్ని ఒకసారి పైకి చదివింది. తర్వాత తండ్రి పేరు కొట్టి చూసింది. ఎర్రగా వచ్చింది. క్రెష్‌కి పంపి, కంప్యూటర్ ఆపి లేచింది.

అక్క అప్పటికే ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతోంది. అవతల టైర్ల కొట్టాయన.

"అయ్యో, అదెంత పనండీ! మా చెల్లెలు లేదూ? ఇప్పుడే కూర్చోబెట్టి చేయించేస్తాను. అది కాదంటుందా..." అంటూ, చెల్లెలి వైపు చూడకుండానే, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది.

చెల్లెలు చెప్పులు వేసుకుంది. ఆమె వీధి తలుపు తీసి మెట్లు దిగింది.

"ఒక్క గంటలో చేసిచ్చేస్తుందండీ," అంటోంది అక్క లోపల. చెల్లెలు గేటు దాటి వెళ్లిపోయింది.