లోడు చూడ్డానికొచ్చినాయన

కుట్టుపని చేసే కోడలికి వచ్చే వారం ఎంబ్రాయిడరీ మిషను వస్తోంది. స్కూలు యూనిఫారాల జేబుల మీద బ్యాడ్జీలు కుట్టే పని దాని పుణ్యమా అని దొరికింది. మిషను తిరక్కపోతే ఆ పని పక్క వీధి దర్జీ ఎగరేసుకుపోతాడు. వాళ్ళు అద్దెకుంటున్న మూడో అంతస్తు పోర్షన్‌కేమో రెండు కిలోవాట్ల కరెంటే ఉంది. మెట్ల కింద ఎనిమిది మీటర్లుంటే, రోజు విడిచి రోజు ఎగిరిపోయే ఫ్యూజు వీళ్ళదే.

కోడలు కాళ్ళరిగేలా తిరిగి ఇంటి ఓనరు చేత సంతకం పెట్టించింది. ఐదు కిలోవాట్లకు పెంచమని అర్జీ ఇచ్చింది. ఇంట్లో ఏమేం వాడుతున్నారో చూడ్డానికి కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరు పదింటికి వస్తానన్నాడు. ఆ సంగతి అత్తగారికి చెప్పి, ఇప్పుడే వస్తానని దారపు రీళ్ళ కోసం బజారుకెళ్ళింది.

ఆ చెప్పడమే కొంప ముంచింది. అత్తగారు నలభై ఏళ్ళుగా అద్దె ఇళ్ళలో కాపురం చేసిన మనిషి. కరెంటువాళ్ళు వస్తున్నారంటే జరిమానా పడకుండా సామాను దాచెయ్యాలన్నది ఆవిడకి ఒంటబట్టిన విద్య. ఇస్త్రీపెట్టె బట్టల బీరువాలోకి వెళ్ళింది. మిక్సీ పక్కింటావిడ చంకెక్కింది. గీజరు మీద తడిచీర ఆరింది. ఫ్రిజ్జుకి దుప్పటి కప్పి, పైన అద్దమూ దువ్వెనా పెట్టేసరికి అది కూడా బీరువా అయి కూర్చుంది.

కోడలు రొప్పుతూ మెట్లెక్కి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు కాగితాలు మడుస్తున్నాడు.

"రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు. మీకు ఇప్పుడున్నదే ఎక్కువమ్మా. అర్జీ కొట్టేస్తున్నాను."

అత్తగారు ఆయన వెనక నుంచి కోడలికి కన్నుగీటింది.

కోడలు గొంతు పెంచలేదు. "అత్తయ్యా, ఇవాళ ఆయన్ని పిలిచింది అన్నీ చూపించడానికి. దాచడానికి కాదు" అంది.

అత్తగారి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత ఆవిడ కొంగు నడుముకి దోపి, చీర లాగింది, దుప్పటి తీసింది, పక్కింటి తలుపు తట్టింది. పెళ్ళివారికి సారె చూపించినట్టు ఒక్కో వస్తువూ తెచ్చి ముందు పెడుతుంటే ఇన్‌స్పెక్టరు నవ్వాపుకుంటూ రాసుకున్నాడు. రాబోయే మిషను కూడా కలిపాడు. నాలుగు కిలోవాట్లకి మించడం లేదని, నాలుగే రాస్తానన్నాడు.

నాలుగంటే బొటాబొటీ, రేపు ఇంకొక్క వస్తువు కొన్నా మిషను ఆపుకోవాలి. కోడలు బతిమాలబోయింది. ఆయన రూలు రూలేనన్నాడు.

అప్పుడు అత్తగారు తన మంచం కింద నుంచి గోనెసంచి ఒకటి లాగింది. అందులో రూమ్ హీటరు.

"మోకాళ్ళకి, బాబూ" అంది, కోడలి వైపు చూడకుండా.

కోడలు హీటరు వైపూ ఇస్త్రీపెట్టె వైపూ మార్చి మార్చి చూసింది. ఫ్యూజు పోయినప్పుడల్లా ఈవిడే ఇస్త్రీపెట్టెని తిట్టిపోసేది. ఆ తిట్లు నమ్మి కోడలి మొగుడు ఈ ఏడాదిలో రెండు ఇస్త్రీపెట్టెలు మార్చాడు.

ఇన్‌స్పెక్టరు హీటరు తిరగేసి చూసి, ఇంకో గీత రాశాడు. ఐదు దాటింది. ఐదుకే సంతకం పెట్టి, కొత్త మీటరు నాలుగు రోజుల్లో బిగిస్తారని చెప్పి దిగి వెళ్ళిపోయాడు.

కోడలు వెంటనే కొట్టువాడికి ఫోన్ చేసి, మిషను పంపించమంది. ఫోను పెట్టేసి తిరిగేసరికి అత్తగారు మంచం పక్కన వంగి, హీటరు ప్లగ్గు గుచ్చుతోంది.

"అత్తయ్యా, పెరిగింది ఇంకా కాగితం మీదేనండీ" అంటూ కోడలు పరిగెత్తింది.