సువార్త బల్ల మీది అద్దం

నేను ఒక అద్దాన్ని, అదీ కింది మూల చిట్లినదాన్ని. ఇసుకను కరిగించి గాజు చేసి, వీపున వెండి పూత పూసి నన్ను మనుషుల మీదికి వదిలారు. మొదట సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో ఒక మేకప్ మనిషి పెట్టెలో ఉన్నాను. వేషాల కోసం తిరిగే ఎన్ని మొహాలు నాలో పడ్డాయో చెప్పలేను. ఉన్నదానికంటే కాస్త బాగా చూపించమని అద్దాన్ని బతిమాలే జాతి ఇది. ఆయన ఆ పని మానేశాక నన్ను అంగట్లో పెట్టారు. అక్కడ సువార్త నన్ను కొన్నది.

సువార్త ఒంగోలు మనిషి. హైదరాబాదులో ఒక స్టూడియోలో బొమ్మల సినిమాకు చేత్తో బొమ్మలు గీస్తుంది. ఆ పనివాళ్లందరి బల్లల మీదా అద్దం ఉంటుంది. కోపం గీయాలంటే ముందు తాము కోపంగా చూసుకుంటారు, ఏడుపు గీయాలంటే మూతి వంకర్లు తిప్పుకుంటారు. అందంగా కనపడాలన్న ఆశ లేకుండా నన్ను చూసినవాళ్లు వీళ్లొక్కరే. అందుకే సువార్తంటే నాకు ప్రాణం.

నాలుగేళ్లుగా ఆమె ఒకటే సినిమా మీద ఉంది. వరదలో చిక్కిన తల్లి, మిగిలిన చివరి ముద్దను కూతురికి తినిపించడం అందులో ఆయువుపట్టు. దానికోసం సువార్త రోజూ తన క్యారేజీలోని పప్పన్నం కలిపి, ముద్ద చేసి, నా ముందు చేయి చాపేది. వేళ్లు ఎలా ముడుచుకుంటాయో నాలో చూసి అలాగే గీసేది. పక్క బల్ల ఫణిది. అతను టీవీకి మేక సీరియల్ చేస్తాడు. అందులో మేకకు నోరు తప్ప ఏదీ కదలదు. కానీ నోరుంటే తల కాస్తుందన్నట్టు, ఆ మేక మాటలకు పిల్లలు పడిపడి నవ్వుతారు. బొమ్మలో ప్రాణం సువార్తది, మాటలో ప్రాణం ఫణిది. ఏది గొప్పదంటే నేను చెప్పలేను. మనుషులు మాత్రం చెప్పి తీరాలనుకుంటారు.

ఆ రోజు రానే వచ్చింది. స్టూడియో యజమాని కోదండపాణిగారు రెండింట్లో ఒకదాన్నే ఉంచుతానన్నారు. మా గదిలోనే తెల్లగోడ మీద రెండూ వేసి చూసి తేలుస్తారట. సువార్త లేచి నిలబడింది.

"సార్, సౌండ్ తీసేసి చూడండి. ఎవరి బొమ్మ బతికుందో తెలిసిపోద్ది."

"నా మేక నోట్లో మట్టి కొట్టావు గదక్కా" అన్నాడు ఫణి, నవ్వుతూనే.

మేక ముందు ఆడింది. మాట లేకపోయేసరికి ఊరికే నెమరేస్తున్నట్టుంది. తర్వాత తల్లి వచ్చింది. ముద్ద కలిపింది. చేయి కూతురి వైపు కదిలింది. గదిలో ఎవరూ కదల్లేదు. గెలిచామనుకున్నాను.

"అమ్మా సువార్తా, ఆవిడ ఏ చేత్తో పెడుతోంది?" అన్నారు కోదండపాణిగారు.

ఎడమచేత్తో. సువార్త నా ముందు చాపింది కుడిచేయే. నాలో కనపడ్డ చేతిని కనపడ్డ వైపే గీసింది. రోజూ చూసి చూసి ఆమె కంటికి అదే సరైనదైపోయింది. అంతకంటే ఘోరం, గోడ మీది బొమ్మ నాలో పడేసరికి ఆ తల్లి మళ్లీ కుడిచేత్తోనే పెడుతోంది. ఒక్కసారి నావైపు తిరిగి చూడండయ్యా అని అరవాలనిపించింది. అద్దానికి నోరెక్కడిది?

"సార్, ఆ షాట్ తిరగేస్తే సరిపోదా?" అని ఫణే అడిగాడు.

"పైట కుడి భుజం మీదకొచ్చుద్ది ఫణీ" అంది సువార్త. "ఒక్క నెల ఇవ్వండి సార్. మొత్తం మళ్లీ గీస్తాను."

"నాలుగేళ్లు ఇది కనపడని కంటికి ఇంకెన్ని కనపడలేదో. మాటల్లేకుండా చూడమన్నది నువ్వే కదమ్మా. చూశాను." ఆయన కోపంగా కూడా అనలేదు.

మేక ఉండిపోయింది. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు సువార్త సినిమా ఆగిపోయింది.

మర్నాడు అందరికంటే ముందే ఆమె వచ్చి కూర్చుంది. క్యారేజీ తెరిచి ఎడమచేత్తో అన్నం కలిపింది. పుట్టాక ఎన్నడూ చేయని పని, మెతుకులు జారిపోతున్నాయి. నాలో తల్లి చేయి కుడిచేయి కావాలంటే ఇక్కడ ఎడమచేయి ఎత్తక తప్పదు. ఎడమచేయి నా ముందు చాపి, కుడిచేత్తో గీస్తోంది. ఎవరూ అడగని సినిమాకు, ఎవరూ చూడని బొమ్మలు. కళ్లు తుడుచుకోవడానికి ఏ చేయీ ఖాళీ లేదు.

బల్ల ఫణి వాళ్లకు కావాలని పనివాళ్లిద్దరు వచ్చారు.

"ఇంకొక్క నాలుగు బొమ్మలన్నా. ముద్ద పిల్ల నోటికి చేరేదాకా ఆగండన్నా."

"మాదేముందమ్మా, ఇప్పుడే దించమన్నరు" అంటూ ఒకతను నన్ను తీసి గోనెసంచిలో వేశాడు.

ఇప్పుడు మెట్ల కింద పాత సామానులో ఉన్నాను. సంచి మూతి కట్టేముందు నాలో పడ్డది ఆమె చాపిన చేయి. ముద్ద ఇంకా ఆ వేళ్లలోనే ఉంది.